మాంటిల్ రాళ్లలో క్రోమైట్ ఎలా మేట వేసింది? తరచుగా అడిగే ప్రశ్నలు

క్రోమైట్, క్రోమిటైట్ ఒకటేనా?

కాదు. క్రోమైట్ ఒక ఖనిజం. అది చాలా ఎక్కువ పాళ్లలో ఉన్న రాయిని క్రోమిటైట్ అంటారు. క్రోమైట్ స్పినెల్ కుటుంబంలోది. పుస్తకంలో చెప్పే శుద్ధ క్రోమైట్‌లో ఇనుము, క్రోమియం, ఆక్సిజన్ తప్ప మరేమీ ఉండవు. ఆ లెక్కన అందులో క్రోమియం ఆక్సైడ్ 68 శాతం ఉండాలి. మాంటిల్ రాళ్లలో, అంటే భూపటలం కింద ఉండే మందపాటి పొర రాళ్లలో, అలాంటి గింజ కనపడదు. ఇనుము స్థానంలోకి మెగ్నీషియం, క్రోమియం స్థానంలోకి అల్యూమినియం, కొంత ఫెర్రిక్ ఇనుము వచ్చి కూర్చుంటాయి. అందుకే గింజను ఎంత శుభ్రం చేసి పరీక్షించినా క్రోమియం ఆక్సైడ్ సాధారణంగా 30 నుంచి 60 శాతం మధ్య తేలుతుంది. 60 దాటినవీ ఉన్నాయి. ఈ హెచ్చుతగ్గులను మలినం అనుకోకూడదు. ఆ గింజ ఎలాంటి శిలాద్రవంలో పుట్టిందో చెప్పే ఆనవాలు అదే.

మాంటిల్‌లో క్రోమియం ఎక్కువగా ఉన్న చోటే నిక్షేపం ఏర్పడిందా?

అందరూ మొదట ఇలాగే అనుకుంటారు, అక్కడే దారి తప్పుతారు. మాంటిల్‌లోని ప్రధాన రాయి పెరిడొటైట్‌లో క్రోమియం టన్నుకు సుమారు 2,600 గ్రాములు, అంటే ఆక్సైడ్ రూపంలో 0.4 శాతం లోపే. ఇది చోటును బట్టి పెద్దగా మారదు. నిక్షేపం చుట్టూ ఉన్న రాయిని పరీక్షించినా దాదాపు ఇదే అంకె వస్తుంది. నిక్షేపంలో మాత్రం అది వంద రెట్లు దాటుతుంది.

కాబట్టి క్రోమియం ఎక్కడ ఎక్కువ ఉంది అని వెతికి లాభం లేదు. శిలాద్రవం ఏ దారిన నడిచింది, ఆ దారిలో ఎక్కడ క్రోమియాన్ని వదిలింది అని అడగాలి. ఏటి వంపులో ఇసుక మేట వేసినట్టే ఇదీ. మేట ఎంత పెద్దదైనా పక్కనున్న గట్టులో ఇసుక ఎక్కువగా ఉందని కాదు, ఆ వంపు గుండా ఏరు చాలాకాలం పారిందని అర్థం.

ఒక టన్ను ఖనిజం ఏర్పడాలంటే ఎంత శిలాద్రవం పారాలి?

లెక్క వేసి చూద్దాం. క్రోమియం ఆక్సైడ్ 50 శాతం ఉన్న ఒక టన్ను క్రోమిటైట్ తీసుకోండి. ఆక్సైడ్ బరువులో 68.4 శాతం క్రోమియం కాబట్టి ఆ టన్నులో 342 కిలోల క్రోమియం ఉంది. మాంటిల్ నుంచి పైకి వచ్చే బసాల్ట్ ద్రవంలో క్రోమియం టన్నుకు కొన్ని వందల గ్రాములే. ఒక్కో టన్ను ద్రవం ఆ చోట 200 గ్రాములు వదిలి వెళ్లిందనుకుంటే 342 కిలోలకు సుమారు 1,700 టన్నుల ద్రవం కావాలి. 100 గ్రాములే వదిలితే 3,400 టన్నులు.

లక్ష టన్నుల నిక్షేపానికి ఇదే లెక్క వేస్తే 17 కోట్ల టన్నుల ద్రవం. ద్రవం సాంద్రత 2.7 అనుకుంటే ఒక్కో వైపు 400 మీటర్లున్న ఘనం నిండేంత. అంత ద్రవం ఒకేసారి ఒక గదిలో నిలిచి ఉందనడానికి మాంటిల్‌లో ఆధారం లేదు. అది కొద్దికొద్దిగా, ఒకే సన్నటి దారి గుండా పారింది. కింద వచ్చే జవాబులన్నిటికీ ఈ లెక్కే పునాది.

ద్రవం క్రోమైట్‌ను మాత్రమే ఎందుకు వదులుతుంది? ఆలివిన్ కూడా రావాలి కదా?

రావాలి, మామూలుగా వస్తుంది కూడా. బసాల్ట్ ద్రవం చల్లబడుతుంటే ఆలివిన్ (మెగ్నీషియం, ఇనుము ఉన్న ఆకుపచ్చ సిలికేట్ ఖనిజం), క్రోమైట్ కలిసి గడ్డకడతాయి. అప్పుడు నూటికి ఒకటి రెండు పాళ్లే క్రోమైట్, మిగతాదంతా ఆలివిన్. అలా ఏర్పడేది క్రోమైట్ చుక్కలున్న డ్యూనైట్ (దాదాపు అంతా ఆలివినే ఉన్న రాయి), తవ్వి తీయదగ్గ ముడిఖనిజం కాదు. ముడిఖనిజం కావాలంటే కాసేపు ఆలివిన్ ఆగిపోయి క్రోమైట్ ఒక్కటే గడ్డకట్టాలి.

దీనికి జవాబు 1970లలో టి. ఎన్. ఇర్విన్ ఇచ్చారు. ఆలివిన్, క్రోమైట్ కలిసి గడ్డకట్టే ద్రవాల కూర్పులను గ్రాఫ్ మీద గుర్తిస్తే ఒక గీత వస్తుంది. ఆ గీత సూటిగా ఉండదు, వంగి ఉంటుంది. గీత మీద ఉన్న రెండు వేర్వేరు ద్రవాలు కలిశాయనుకోండి. మిశ్రమం ఆ రెండు బిందువులను కలిపే సరళరేఖ మీద పడుతుంది. గీత వంపు తిరిగి ఉంది కాబట్టి సరళరేఖ దాని మీద పడదు, క్రోమైట్ ఒక్కటే గడ్డకట్టే వైపు పడుతుంది. కూర్పు మళ్లీ గీత దగ్గరికి చేరేదాకా క్రోమైటే రాలుతుంది, ఆ తరవాత ఆలివిన్ మొదలవుతుంది. ద్రవంలో సిలికా పెరిగినా ఇదే ఫలితం.

ఇర్విన్ ఈ వివరణను పొరలుగా ఉన్న పెద్ద అంతర్భేదక శిలల (భూపటలంలోకి చొరబడి అక్కడే గడ్డకట్టిన శిలాద్రవం) కోసం ఇచ్చారు. మాంటిల్‌కు దాన్ని వర్తింపజేసినవారు తరవాత వచ్చారు. 1990లలో షోజీ అరాయ్ బృందం, మరికొందరు మాంటిల్‌లో సిలికా ఎక్కడి నుంచి వస్తుందో చూపించారు. ఆ సంగతి కింది ప్రశ్నలో.

క్రోమైట్ చుట్టూ ఎప్పుడూ డ్యూనైట్ తొడుగు ఎందుకు ఉంటుంది?

మాంటిల్‌లోని మామూలు రాయి హార్జ్‌బర్గైట్, అది పెరిడొటైట్‌లో ఒక రకం. అందులో ఆలివిన్, ఆర్థోపైరాక్సీన్ ఉంటాయి. లోతు నుంచి వచ్చిన ద్రవం తక్కువ లోతుకు చేరేసరికి ఆర్థోపైరాక్సీన్‌తో దానికి పొసగదు. దాన్ని కరిగించుకుని, బదులుగా ఆలివిన్‌ను వదులుతుంది. పైరాక్సీన్ పోయి ఆలివిన్ ఒక్కటే మిగిలిన రాయే డ్యూనైట్. అంటే డ్యూనైట్ తొడుగు ద్రవం నడిచిన కాలువ గోడ. ఈ చర్యను పీటర్ కెలెమెన్, ఆయన సహచరులు 1990లలో వివరంగా చూపారు.

ఇక్కడ ఒకే దెబ్బకు రెండు పనులు జరుగుతాయి. కరిగిన పైరాక్సీన్‌లోని సిలికా ద్రవంలో చేరుతుంది, దానిలో ఉన్న కొద్దిపాటి క్రోమియం కూడా చేరుతుంది. ఇలా గోడ పక్కన సిలికా ఎక్కువైన ద్రవం తయారవుతుంది. కింద నుంచి తాజాగా వచ్చే ద్రవం దానితో కలుస్తుంది. పై ప్రశ్నలో చెప్పిన రెండు ద్రవాల కలయిక మాంటిల్‌లో ఇలా కుదురుతుంది.

రాళ్లు బయటపడ్డ చోట దీన్ని కళ్లారా చూడవచ్చు. క్రోమిటైట్ అంచు నుంచి బయటికి నడుస్తూ రాతి ఉపరితలం గమనించండి. డ్యూనైట్ గోధుమ పసుపు రంగులో నున్నగా ఉంటుంది. తొడుగు దాటి హార్జ్‌బర్గైట్‌లో అడుగు పెట్టగానే పైరాక్సీన్ గింజలు పొక్కుల్లా చేతికి తగులుతాయి, ఎండకూ వానకూ ఆలివిన్ కంటే నెమ్మదిగా అరుగుతాయి కాబట్టి. కళ్లు మూసుకుని తడిమినా ఆ హద్దు తెలుస్తుంది. తొడుగు మందం కొన్ని సెంటీమీటర్ల నుంచి పదుల మీటర్ల దాకా ఉండొచ్చు. తొడుగు లేకుండా నేరుగా హార్జ్‌బర్గైట్‌కు ఆనుకున్న క్రోమిటైట్ కనిపిస్తే మధ్యలో భ్రంశం (రాళ్లు విరిగి జారిన పగులు) ఉందేమో ముందు చూడండి. చాలాసార్లు కారణం అదే.

పారే ద్రవంలో గింజలు కొట్టుకుపోకుండా ఒకచోట ఎలా నిలిచాయి?

దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. కాలువ వెడల్పయిన చోట వేగం తగ్గి, ద్రవం సుడి తిరుగుతుంది. క్రోమైట్ సాంద్రత 4.5 చుట్టూ, ద్రవానిది 2.7 చుట్టూ. బరువైన గింజలు ఆ సుడిలో తిరుగుతూ పెరిగి, మోయలేనంత అయ్యాక కిందికి దిగుతాయి. 1980లలో వచ్చిన ఈ వివరణ ఇప్పటికీ చాలా నిక్షేపాలకు సరిపోతుంది.

రాతి అల్లిక కూడా అదే చెబుతుంది. ఈ రకం నిక్షేపాలకు ప్రత్యేకమైన గుర్తు గోలీల అల్లిక: 5 నుంచి 20 మిల్లీమీటర్ల క్రోమైట్ ఉండలు డ్యూనైట్‌లో గుచ్చినట్టు ఉంటాయి. కోసి మెరుగు పెడితే చిరుతపులి చర్మంలా కనిపిస్తుంది, గనివాళ్లు అందుకే దాన్ని చిరుత ఖనిజం అంటారు. కొన్ని ఉండల నడుమ ఆలివిన్ అస్థిపంజరంలా చిక్కుకుని ఉంటుంది. వేగంగా పెరిగిన గింజల్లోనే అలా జరుగుతుంది. ప్రశాంతంగా నిలిచిన శిలాద్రవపు గదుల్లో ఏర్పడ్డ పొరల నిక్షేపాల్లో ఇలాంటి ఉండలు కనిపించవు.

నీటి పాత్ర ఏమైనా ఉందా?

ఉంది, కానీ ఎంతన్నది తేలలేదు. క్రోమైట్ గింజల లోపల పార్గసైట్ అనే ఆంఫిబోల్, ఫ్లోగోపైట్ అనే అభ్రకం, సోడియం ఎక్కువున్న సిలికేట్లు చిక్కుకుని ఉంటాయి. నీరు లేని ద్రవంలో ఇవి పుట్టవు. 2002లో మత్వీవ్, బాల్‌హౌస్ ప్రయోగశాలలో ఒక సంగతి చూపారు. నీరు ఎక్కువైన బసాల్ట్ నుంచి బుడగలు విడిపోయినప్పుడు క్రోమైట్ గింజలు ద్రవాన్ని వదిలి నీటి బుడగలకు అంటుకుని గుంపుకట్టాయి, ఆలివిన్ మాత్రం ద్రవంలోనే ఉండిపోయింది. గోలీల అల్లికకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే నీరు తక్కువగా ఉండే చోట ఏర్పడ్డ క్రోమిటైట్లు కూడా ఉన్నాయి కాబట్టి నీటిని తప్పనిసరి షరతుగా కాక, పనిని వేగం చేసేదిగా చూడటమే మేలు.

ఆక్సిజన్ సంగతీ ఇలాంటిదే. ద్రవంలో కొంత క్రోమియం రెండు ఆవేశాల రూపంలో ఉంటుంది, అది క్రోమైట్‌లో ఇమడదు. ఆక్సీకరణ పెరిగితే మూడు ఆవేశాల రూపానికి మారి క్రోమైట్‌గా బయటపడుతుంది.

క్రోమియం ఎక్కువున్న రకం, అల్యూమినా ఎక్కువున్న రకం అని రెండు ఎందుకు?

ద్రవాలు రెండు రకాలు కాబట్టి. తేడా చూడటానికి క్రోమియం సంఖ్య వాడతారు: క్రోమియం, అల్యూమినియం పరమాణువుల మొత్తంలో క్రోమియం వాటా. విశ్లేషణ నివేదిక చేతిలో ఉంటే లెక్క సులువు. క్రోమియం ఆక్సైడ్ శాతాన్ని 152తో, అల్యూమినా శాతాన్ని 102తో భాగించండి. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగించండి. క్రోమియం ఆక్సైడ్ 58, అల్యూమినా 10 ఉన్న గింజకు 0.80 వస్తుంది. 38, 28 ఉన్న గింజకు 0.48. సాధారణంగా 0.6ను హద్దుగా పెడతారు.

ద్రవం సంగతి వెనక్కి లెక్కగట్టడానికి 1982లో మోరెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చిన సూత్రం ఉంది. ద్రవంలోని అల్యూమినా శాతాన్ని 2.42వ ఘాతానికి పెంచి 0.035తో గుణిస్తే క్రోమైట్‌లోని అల్యూమినా శాతం వస్తుంది. ద్రవంలో 15 శాతం ఉంటే గింజలో 25 చుట్టూ, 10 శాతం ఉంటే గింజలో 9 చుట్టూ. పదిహేను శాతం మధ్యసాగర రిడ్జ్‌ల (సముద్రం నడుమ పలకలు విడిపోయే గట్లు) దగ్గర, చాపంలా వంగిన దీవుల వరసల వెనుక సముద్రాల్లో వచ్చే బసాల్ట్‌కు గుర్తు. పది శాతం బోనినైట్‌కు గుర్తు. జపాన్‌కు దక్షిణాన ఉన్న బోనిన్ దీవుల పేరుతో పిలిచే ఈ లావా, అప్పటికే ఒకసారి కరిగి పీల్చుకుపోయిన మాంటిల్‌లోకి నీరు చేరి మళ్లీ కరిగితే వస్తుంది.

ఫిలిప్పీన్స్‌లోని జాంబాలెస్‌లో ఈ రెండు రకాలూ పక్కపక్క దిమ్మెల్లో ఉన్నాయి. కోటో గని అల్యూమినా రకానికి, అకోజే క్రోమియం రకానికి పేరుపడ్డాయి. అల్యూమినా రకాన్ని తక్కువ నాణ్యమైనదని కొట్టిపారేయకండి. కొలిమి ఇటుకలకు అదే పనికొస్తుంది.

ఇవి ఎలాంటి చోట పుడతాయి? ఇప్పటి సముద్రం అడుగున ఉన్నాయా?

మనకు తెలిసిన నిక్షేపాల్లో ఎక్కువ భాగం ఓఫియోలైట్లలో ఉన్నాయి. ఖండం మీదికి తోసుకొచ్చిన సముద్ర భూపటలం, దాని కింది మాంటిల్ ముక్క కలిపి ఓఫియోలైట్. ఒమన్‌లోని సమైల్, సైప్రస్‌లోని ట్రూడోస్, అల్బేనియాలో బుల్కిజా, టర్కీలో గులెమాన్, కజకిస్తాన్‌లో కెంపిర్సాయ్, క్యూబాలో మోవా-బరకోవా, న్యూ కాలెడోనియా ప్రసిద్ధమైనవి. వాటిలో కెంపిర్సాయ్‌ది ప్రత్యేకత: అక్కడ కిలోమీటరుకు పైగా పొడవున్న ఖనిజ కాయాలున్నాయి. మిగతాచోట్ల చాలావరకు కొన్ని వందల టన్నుల నుంచి కొన్ని లక్షల టన్నుల లోపే.

ఓఫియోలైట్ లోపల ఏ చోట? మాంటిల్, భూపటలం కలిసే సంధి పొరలో, దాని కింద కిలోమీటరు రెండు కిలోమీటర్ల లోపు మాంటిల్‌లో ఎక్కువ. అన్ని మాంటిల్ రాళ్లూ సమానం కాదు. కొద్దిగానే కరిగిన, లెర్జోలైట్ అనే మాంటిల్ రాయి ఎక్కువగా ఉన్న ఓఫియోలైట్లలో పెద్ద నిక్షేపాలు అరుదు. మరీ ఎక్కువ కరిగి పైరాక్సీన్ చిక్కిపోయినా ద్రవంతో చర్య జరపడానికి సరుకు ఉండదు. మధ్యరకం హార్జ్‌బర్గైట్, అంటే అందులో విడిగా ఉన్న స్పినెల్ గింజల క్రోమియం సంఖ్య 0.4 నుంచి 0.6 మధ్య ఉన్నది అన్నిటికన్నా అనుకూలమని అరాయ్ పరిశీలనల సారం.

సముద్రం అడుగున, తూర్పు పసిఫిక్‌లోని హెస్ డీప్ దగ్గర తవ్విన కడ్డీ నమూనాల్లో చిన్న క్రోమిటైట్ ముక్కలు దొరికాయి. కాబట్టి రిడ్జ్ దగ్గర అసలు ఏర్పడవనడం తప్పు. పెద్ద క్రోమియం రకం నిక్షేపాలకు మాత్రం సముద్రపు పలక మరో పలక కిందికి దిగడం మొదలుపెట్టిన చోటే సరైన పరిసరం.

బుష్‌వెల్డ్ క్రోమైట్‌కూ దీనికీ తేడా ఏమిటి?

దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ భూపటలంలో నిలిచిన భారీ శిలాద్రవ గది, వయసు 205 కోట్ల సంవత్సరాలు. అక్కడ క్రోమైట్ పొరలు మీటరు అటూఇటూ మందంతో పదుల కిలోమీటర్లు సాగుతాయి. ఒకచోట రంధ్రం వేస్తే పక్కచోట ఎంత లోతున తగులుతుందో ముందే చెప్పవచ్చు. మాంటిల్ నిక్షేపాల్లో ఆ భరోసా లేదు. సమైల్ ఓఫియోలైట్ వయసు 9.5 కోట్ల సంవత్సరాలే.

రసాయనంలో ముఖ్యమైన తేడా క్రోమియం, ఇనుము నిష్పత్తి. క్రోమియం ఆక్సైడ్ శాతాన్ని 0.684తో, మొత్తం ఫెర్రస్ ఆక్సైడ్ శాతాన్ని 0.777తో గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 54, 16 ఉన్న మాంటిల్ ఖనిజానికి నిష్పత్తి 3 దగ్గర. 46, 25 ఉన్న పొరల ఖనిజానికి 1.6. ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం మిశ్రలోహం) కొలిమికి ఈ అంకె చాలా ముఖ్యం. టైటానియం కూడా పొరల రకంలో ఎక్కువ.

ఒక హెచ్చరిక. క్రోమియం సంఖ్య ఎక్కువగా ఉందని ఓఫియోలైట్ అని ముద్ర వేయకండి. ఒడిశాలోని సుకింద ఖనిజంలోనూ క్రోమియం బాగా ఎక్కువ, కానీ అది ఆర్కియన్ కాలపు అంతర్భేదక శిలల్లోది. డ్యూనైట్ తొడుగు, గోలీల అల్లిక, చుట్టూ మాంటిల్ హార్జ్‌బర్గైట్ మూడూ చూశాకే నిర్ణయించాలి.

సర్పెంటైన్‌గా మారినప్పుడు క్రోమైట్ పుట్టిందా?

లేదు. 1200 డిగ్రీల సెల్సియస్‌కు పైన పుట్టిన ఖనిజమిది. ఆలివిన్ నీటితో కలిసి మారితే వచ్చే సర్పెంటైన్ 500 డిగ్రీల లోపు, చాలా తరవాత వచ్చింది.

క్రోమిటైట్‌లో వజ్రాలు దొరికాయంటారు. మరి తక్కువ లోతులో పుట్టిందనడం ఎలా?

టిబెట్‌లోని లువోబుసా, రష్యా ధ్రువ ఊరల్స్‌లోని రాయ్-ఇజ్ క్రోమిటైట్లలో సూక్ష్మ వజ్రాలున్నాయని చైనా పరిశోధకులు ప్రకటించారు. లువోబుసా క్రోమైట్‌లో పైరాక్సీన్ సన్నటి పలకల్లా విడిపోయి ఉండటం కూడా కనిపించింది. క్రోమైట్ ఒకప్పుడు అధిక పీడనంలో ఉందనడానికి దాన్ని ఆధారంగా చూపుతారు. కొందరు దీన్నిబట్టి నిక్షేపం వందల కిలోమీటర్ల లోతున పుట్టిందంటారు. ఇంకొందరు, తక్కువ లోతులోనే పుట్టి, పలకతోపాటు లోతుకు దిగి, మాంటిల్ ప్రవాహంలో తిరిగి పైకి వచ్చిందంటారు. వజ్రాలు పరికరాల నుంచి, కృత్రిమ పదార్థాల నుంచి కలిశాయన్న అనుమానమూ బలంగా ఉంది. మా ఉద్దేశంలో రెండో వివరణకు మొగ్గు ఎక్కువ, ఎందుకంటే గోలీల అల్లిక, నీటి ఖనిజాలు, డ్యూనైట్ తొడుగు అన్నీ తక్కువ లోతు సంగతులే. ఏదేమైనా చాలా నిక్షేపాల్లో వజ్రాల ఊసే లేదు.

ప్లాటినం కోసం వీటిని పరీక్షించాలా?

ఆశలు పెట్టుకోకండి. ఆస్మియం, ఇరిడియం, రుథేనియం మాత్రమే క్రోమైట్‌లో లారైట్ అనే సల్ఫైడ్‌గా, మిశ్రలోహ రేణువులుగా చిక్కుతాయి. ప్లాటినం, పల్లాడియం ద్రవంతోపాటు పైకి పోతాయి. సల్ఫైడ్ చుక్కలు కనిపిస్తే మాత్రం విడిగా పరీక్షించండి. అకోజేలో అలాంటివి ఉన్నాయి.

చేతిలో ఉన్న నల్ల రాయి క్రోమైటేనా? నాణ్యత అక్కడికక్కడే తెలుసుకోవచ్చా?

మెరుగు లేని పింగాణీ పలక మీద గీయండి. క్రోమైట్ గీత గోధుమ రంగు, మ్యాగ్నటైట్‌ది నలుపు. మామూలు అయస్కాంతానికి మ్యాగ్నటైట్ చటుక్కున అతుక్కుంటుంది, క్రోమైట్‌ను అది అంతంతమాత్రమే లాగుతుంది. సర్పెంటైన్ పగుళ్లలో మ్యాగ్నటైట్ ఉంటే మొత్తం రాయే అతుక్కుంటుంది కాబట్టి పొడి చేసి చూడాలి. మాంగనీస్ ఆక్సైడ్ పూత నలుపుతో మోసం చేస్తుంది, విరగ్గొడితే లోపల బయటపడుతుంది.

నాణ్యతకు ఒక త్రాసు, బకెట్ నీళ్లు చాలు. గాలిలో 840 గ్రాములు, దారంతో నీటిలో వేలాడదీస్తే 630 గ్రాములు వచ్చిందనుకోండి. తేడా 210. 840ని 210తో భాగిస్తే సాంద్రత 4.0. క్రోమైట్ 4.5, మధ్యలోని సర్పెంటైన్ 2.6 అనుకుంటే క్రోమైట్ ఘనపరిమాణం (4.0 − 2.6) ÷ (4.5 − 2.6), అంటే 74 శాతం. బరువులో చూస్తే 0.74 × 4.5 ÷ 4.0, అంటే 83 శాతం. గింజలో క్రోమియం ఆక్సైడ్ 55 శాతమైతే రాయిలో 46 చుట్టూ.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందంటే, మధ్యలో ఉన్నది తాజా ఆలివిన్ అయితే. దాని సాంద్రత 3.3. అప్పుడు అదే 4.0 రాయిలో క్రోమైట్ బరువు 66 శాతానికి, క్రోమియం ఆక్సైడ్ 36కి పడిపోతుంది. పది శాతం తేడా! అందుకే తూచే ముందు భూతద్దంతో మధ్య ఖనిజం ఏమిటో చూడాలి. రాయిని అరగంట నీళ్లలో నానబెట్టి, బుడగలు ఆగాక తూచండి. లేకపోతే పగుళ్లలోని గాలి వల్ల సాంద్రత తక్కువగా వస్తుంది.

ప్రయోగశాల ఫలితం చూపు అంచనా కన్నా బాగా తక్కువ వచ్చింది. ఎందుకు?

చాలాసార్లు తప్పు రాయిది కాదు, కరిగించిన పద్ధతిది. క్రోమైట్ ఆమ్లాలకు లొంగదు. నాలుగు ఆమ్లాల పద్ధతిలో కూడా కొంత గింజ అడుగున మిగిలిపోతుంది, దాని క్రోమియం లెక్కలోకి రాదు. సోడియం పెరాక్సైడ్‌తో కరిగించే పద్ధతిని అడగండి. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్‌కు గాజు బిళ్ల చేయిస్తే ఫ్లక్స్ (కరగడానికి కలిపే పొడి) పాళ్లు ఎక్కువ ఉండాలి, బిళ్లలో నల్లచుక్కలు మిగిలితే క్రోమైట్ కరగలేదని అర్థం. నమూనా పంపేటప్పుడు క్రోమైట్ ఖనిజమని రాయడం మరచిపోకండి. మామూలు మట్టి నమూనాల వరసలో పెడితే మామూలు పద్ధతే వాడతారు.

గింజ అంచుకూ మధ్యకూ కూర్పు వేరుగా ఉంది. ఏది నమ్మాలి?

మధ్యభాగాన్ని. తరవాతి వేడి నీటి మార్పుల్లో అంచు నుంచి అల్యూమినియం, మెగ్నీషియం బయటికి పోయి ఇనుము పెరుగుతుంది. దీన్ని ఫెర్రిట్‌క్రోమైట్ అంటారు. మెరుగు పెట్టిన పలకలో గింజ కన్నా తెల్లగా మెరుస్తుంది. అల్యూమినియం పోయినందున అక్కడ క్రోమియం సంఖ్య ఎక్కువ కనిపిస్తుంది. అల్యూమినా రకం ఖనిజం కూడా ఆ అంచు మీద కొలిస్తే బోనినైట్ సంతతిలా అనిపిస్తుంది. బయటికి పోయిన అల్యూమినియం పక్కనే క్లోరైట్‌గా మిగులుతుంది. క్రోమియం చేరిన ఆ ఊదారంగు క్లోరైట్ పేరు కామెరరైట్. రాయి మీద ఆ ఊదా మెరుపు, ఉవరోవైట్ గార్నెట్ పచ్చదనం కనిపిస్తే గింజలు మారాయని ముందే జాగ్రత్తపడండి.

ఇంకో మెలిక ఉంది. చల్లబడుతున్నప్పుడు క్రోమైట్, ఆలివిన్ మెగ్నీషియం, ఇనుము మార్చుకుంటాయి. డ్యూనైట్‌లో చెదిరిన గింజ చుట్టూ ఆలివిన్ సముద్రం, కాబట్టి గింజే మారిపోతుంది. ముద్ద ఖనిజంలో క్రోమైటే ఎక్కువ, అందుకే గింజ నిలబడి ఆలివిన్ మారుతుంది, దానిలో మెగ్నీషియం వాటా చెప్పే ఫోర్‌స్టరైట్ అంకె 95 దాటిపోతుంది. మూల ద్రవాన్ని లెక్కగట్టాలంటే ముద్ద ఖనిజం నమూనానే ఎంచుకోండి.

గురుత్వ సర్వేతో నేలలోని ఖనిజాన్ని పట్టుకోవచ్చా?

అనుకూలమైన చోట వీలవుతుంది. 10,000 టన్నుల ఖనిజ కాయం, సాంద్రత 4.0, చుట్టూ 2.6 సర్పెంటినైట్, కేంద్రం 30 మీటర్ల లోతున అనుకోండి. ఘనపరిమాణం 2,500 ఘనమీటర్లు, అదనపు ద్రవ్యరాశి 3,500 టన్నులు. పైన కనిపించే గురుత్వ తేడా 0.026 మిల్లీగాల్ (గురుత్వాన్ని కొలిచే ప్రమాణం). చుట్టూ తాజా పెరిడొటైట్ అయితే అందులో సగమే. పరికరాన్ని నిలబెట్టిన చోటు ఎత్తును 10 సెంటీమీటర్లు తప్పుగా కొలిస్తే దాదాపు 0.02 మిల్లీగాల్ తప్పు వస్తుంది, అంటే వెతుకుతున్న సంకేతం అంత. కాబట్టి ఎత్తులను లెవెలింగ్‌తో సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో కొలవాలి, చుట్టూ గుట్టల దిద్దుబాటు చేయాలి, స్థానాల మధ్య దూరం 10 నుంచి 20 మీటర్లు ఉండాలి. వాలుగా ఉన్న రాతి గుట్టల మీద ఈ ఖర్చు పెట్టడం కన్నా కందకం తవ్వడం నయం.

అయస్కాంత సర్వే సర్పెంటైన్ వల్ల పుట్టిన మ్యాగ్నటైట్‌ను చూపిస్తుంది, క్రోమైట్‌ను కాదు. భ్రంశాలు గీయడానికి పనికొస్తుంది.

ఖనిజం హఠాత్తుగా తెగిపోయింది. మిగతాది ఎటు వెతకాలి?

మాంటిల్ రాయి వేడిగా ఉన్నప్పుడే ముద్దలా సాగింది. ఖనిజ కాయం మొదట కాలువకు అడ్డంగా ఉన్నా, సాగుడు పెరిగేకొద్దీ చుట్టూ రాతి పొరల వాలుకు ఒరిగి, చివరికి దానికి సమాంతరంగా పడుకుంటుంది. దీన్నిబట్టే నిక్షేపాలను అడ్డమైనవి, సగం ఒరిగినవి, సమాంతరమైనవి అని 1981లో ఫ్రెంచ్ భూశాస్త్రజ్ఞులు విభజించారు. సమాంతరమైనవి పలకల్లా సాగి తెగి, గొలుసు పూసల్లా వరసలో ఉంటాయి.

ముందు హార్జ్‌బర్గైట్‌లో పైరాక్సీన్ గింజలు సాగిన దిశను, పొరల వాలును కనీసం పది పదిహేను చోట్ల కొలిచి సగటు తీయండి. ఒక్క కొలతను నమ్మకండి, మడతలు ఉంటాయి. ఖనిజంలో కూడా గుర్తు ఉంటుంది: క్రోమైట్ గింజలు సాగిన దిశకు లంబంగా సన్నటి పగుళ్లు తెరుచుకుని వాటిలో సర్పెంటైన్ నిండుతుంది. కాయం పొడవాటి అక్షం సాధారణంగా ఆ సాగిన దిశలోనే ఉంటుంది, రెండో కాయం కూడా అటే దొరకడానికి అవకాశం ఎక్కువ.

తెగిన చోట డ్యూనైట్ సన్నబడుతూ సహజంగా ముగిసిందా, లేక రుద్దుకున్న నున్నటి గోడ, నలిగిన సర్పెంటైన్ ఉందా చూడండి. మొదటిదైతే డ్యూనైట్ వెంటే సాగిన దిశలో వెళ్లండి. రెండోదైతే అది భ్రంశం. గోడ మీది గీతలు, మెట్లను బట్టి జారిన దిశ గీయాలి. అది తేలకముందే లోతు రంధ్రాలు వేయించడం డబ్బు పోసి గుడ్డిగా గురిపెట్టడమే. పట్టుదలగా ముందుకు పోవాల్సిన ఒక సందర్భం మాత్రం ఉంది: డ్యూనైట్ ఇంకా వెడల్పుగా ఉండి, అందులో చెదిరిన క్రోమైట్ చారలు దగ్గరవుతూ మందమవుతుంటే కాలువ ఇంకా ముగియలేదు. అక్కడ 10 నుంచి 15 మీటర్ల చిన్న రంధ్రాలు విసనకర్రలా నాలుగైదు వేసి చూడవచ్చు.